పార పట్టిన దుఃఖం

కెనడా పశ్చిమ తీరాన వాంకూవర్ దీవిలో నానైమో అనే రేవు పట్టణం ఉంది. అక్కడి బీబన్ పార్కులో ఒకవైపు మట్టి దిబ్బలు, వంపులు తిరిగే ఇరుకు బాటలు కనిపిస్తాయి. అది సైకిళ్ల కోసమే కట్టిన చోటు. చిన్నపిల్లలకు మోకాలెత్తు దిబ్బ దాటడమే సాహసం. కాస్త పెద్దవాళ్లు ఎత్తు దిబ్బ అంచు దాకా వచ్చి, బ్రేకు నొక్కి, కిందికి తొంగిచూసి వెనక్కి తిరుగుతారు. ధైర్యం కూడగట్టుకుని మళ్లీ వస్తారు. ఆ స్థలం పేరు స్టీవీ స్మిత్ బైక్ పార్క్. ఆ పేరుగలవాడు 26 ఏళ్లకే ప్రమాదంలో చనిపోయాడు. పిల్లలు ఎగరడం నేర్చుకునే చోటికి అలాంటివాడి పేరేమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోవచ్చు. కొండల్లో సైకిల్ తొక్కేవాళ్లకు మాత్రం అందులో వింతేమీ లేదు.

స్మిత్ 1989లో పుట్టాడు. నానైమో పక్కనున్న కాసిడీ అనే చిన్న ఊళ్లో ఒంటరి తల్లి పెంపకంలో పెరిగాడు. ఎంచుకున్నది డౌన్‌హిల్ పందెం. కొండ మీద నుంచి రాళ్లు, చెట్ల వేళ్లు, గుంతల మీదుగా ఒక్కొక్కరే గడియారంతో పోటీపడుతూ దిగాలి. కొద్ది నిమిషాల్లో ముగిసే ఆ పరుగులో సెకనులో వెయ్యో వంతు తేడాకు కూడా విలువుంటుంది. ప్రపంచ స్థాయిలో కెనడా వాళ్లు నెగ్గలేరన్న మాట వింటూనే అతడు ఎదిగాడు. 2010 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పతకం తెచ్చాడు. 2012లో నార్వేలోని హఫ్‌యెల్‌లో తొలి ప్రపంచ కప్ పందెం గెలిచాడు. మరుసటి ఏడాది సీజన్‌లోని చివరి మూడు పందేలూ వరుసగా నెగ్గాడు. క్విబెక్‌లోని మోంట్-సెయింట్-ఆన్, ఆ తర్వాత హఫ్‌యెల్, ఆఖరున ఆస్ట్రియాలోని లియోగాంగ్. మొత్తం 1199 పాయింట్లతో ప్రపంచ కప్ టైటిల్ అతడిదైంది. డౌన్‌హిల్‌లో కెనడా పురుషుడొకరు ఆ ఘనత సాధించడం అదే మొదలు. అభిమానులు పెట్టుకున్న ముద్దుపేరు 'చైన్‌సా'. అంటే అడవుల్లో దుంగలు కోసే మోటారు రంపం.

2014, 2015 సీజన్లను గాయాలు దెబ్బతీశాయి. అవి దాటుకుని మళ్లీ పుంజుకుంటున్న దశలో, 2016 మేలో, సొంత ప్రాంతంలోనే అతడు మోటార్ సైకిల్ నడుపుతూ పడిపోయాడు. పందెం లేదు. సైకిల్ కూడా కాదు. మెదడుకు తీవ్రంగా దెబ్బ తగిలింది. మే 10న ఆస్పత్రిలో కన్నుమూశాడు.

ఆ ఏడాది మౌంటెన్ బైకర్లకు అది తొలి విషాదం కాదు. ఫిబ్రవరి 1న న్యూజీలాండ్‌కు చెందిన కెల్లీ మెక్‌గారీ క్వీన్స్‌టౌన్ దగ్గర బాటలో రైడ్ చేస్తూ గుండె ఆగి చనిపోయాడు. వయసు 33. అమెరికాలోని యూటా ఎడారి కొండల్లో 2013లో జరిగిన రెడ్ బుల్ రాంపేజ్‌లో 72 అడుగుల లోయ మీదుగా సైకిల్‌తో గాల్లో వెనక్కి పల్టీ కొట్టి రెండో స్థానం పొందినవాడతను. మూడేళ్ల తర్వాత, 2019 అక్టోబర్ 2న, బ్రిటిష్ కొలంబియా రైడర్ జోర్డీ లన్ 36 ఏళ్ల వయసులో మెక్సికోలో పోయాడు. మామూలు బాటలో తొక్కుతుండగా పడి తలకు గాయమైంది.

ఈ ముగ్గురి మరణాలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. జనం ఊపిరి బిగబట్టి చూసిన విన్యాసాల్లో ఎవరూ పోలేదు. కెమెరాలు లేని రోజున పోయారు. పందెం జరిగే చోట వైద్యులుంటారు, అంబులెన్స్ ఉంటుంది, మలుపు మలుపునా జెండా పట్టుకుని మనిషి నిలబడి ఉంటాడు. మామూలు రైడ్‌లో అవేవీ ఉండవు. వెనకాల వచ్చే స్నేహితుడే దిక్కు. రైడర్లను ఎక్కువగా కలవరపెట్టేది ఈ నిజమే. చనిపోయిన రోజు తాము ప్రతి ఆదివారం గడిపే రోజులాంటిదే.

స్మిత్ పోయాక అతడి ముద్దుపేరు నినాదమైంది. చైన్‌సా చిరకాలం వర్ధిల్లాలన్న అర్థం వచ్చే మాటలు సైకిళ్ల మీద, చొక్కాల మీద, గోడల మీద వెలిశాయి. అదే పేరుతో 2021లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అయితే నినాదాల ఆయుష్షు తక్కువ. స్టిక్కర్ వెలిసిపోతుంది, సినిమా పాతబడుతుంది. ఈ బృందాలకు అంతకంటే పాత అలవాటు ఒకటుంది. అది బాట తవ్వడం.

దాని వెనక చరిత్ర ఉంది. వాంకూవర్ నగరానికి ఉత్తరాన ఉన్న కొండల్లో పేరుపొందిన సైకిల్ బాటలు చాలావరకు ప్రభుత్వం వేసినవి కావు. రైడర్లే సెలవు రోజుల్లో పార, రంపం పట్టుకెళ్లి వేసుకున్నవి. పడిపోయిన దేవదారు దుంగల్ని చీల్చి చిత్తడి నేల మీద చెక్క వంతెనలు కట్టారు. మొదట్లో వీటిలో అనేకం అనుమతి లేకుండా పుట్టినవే. స్థలం యజమానులతో గొడవలు వచ్చాయి. ఆ బాటలను కాపాడుకోవడానికే 1997లో నార్త్ షోర్ మౌంటెన్ బైక్ అసోసియేషన్ ఏర్పడింది. తవ్వనివాడికి తొక్కే హక్కు లేదన్నది ఆ లోకంలో సామెత లాంటి మాట. అలాంటి చోట మనిషి పోతే చేతులు తమంతట తామే పార వైపు వెళతాయి.

అందుకే స్మిత్ జ్ఞాపకం మట్టిలో నిలిచింది. నానైమోలో పార్కు వెలిసింది. అతడి పేరిట ఏర్పడిన ఫౌండేషన్ కెనడా కుర్ర రైడర్లకు సాయం చేస్తోంది. విస్లర్ కొండ మీద వేసిన పందెం బాటకు 1199 అని పేరు పెట్టారు. అతడు తెచ్చుకున్న పాయింట్లే ఆ బాట పేరు. లన్‌కూ అలాగే జరిగింది. అదే దీవిలో లాంగ్‌ఫర్డ్ అనే ఊళ్లో 2021లో జోర్డీ లన్ బైక్ పార్క్ తెరిచారు. క్వీన్స్‌టౌన్‌లో మెక్‌గారీ పేరిట సైకిల్ ఉత్సవం మొదలైంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రాక తప్పదు. ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకునే క్రీడ, ప్రాణం పోయాక కూడా అదే ప్రమాదాన్ని పిల్లలకు వారసత్వంగా ఇస్తోందా? ప్రశ్న న్యాయమైనదే. ఎనర్జీ డ్రింకులు, సైకిళ్లు అమ్మేవాళ్లకు ఎత్తు మీద నుంచి దూకే మనిషి బొమ్మ కావాలి. ఎంత పెద్ద దూకుడైతే అంత పెద్ద ప్రచారం. కుర్రాడు పోతే ఒక నివాళి ప్రకటన వేసి ఇంకో కుర్రాణ్ణి వెతుక్కుంటారు. దుఃఖం మాత్రం తల్లికి, స్నేహితులకు మిగులుతుంది.

అయినా పార్కు చేసే పని పోస్టర్ చేసే పనికి సరిగ్గా ఎదురు. పోస్టర్ చివరి గెంతునే చూపిస్తుంది. పార్కు మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టిస్తుంది. తేలిక బాటకు ఆకుపచ్చ గుర్తు, మధ్యరకానికి నీలం, కష్టమైనదానికి నలుపు. చిన్న దిబ్బ మీద పట్టు చిక్కాకే పెద్దదాని మీదికి. అంచు దాకా వచ్చి వెనుదిరిగిన పిల్లవాణ్ణి ఎవరూ వెక్కిరించరాదన్నది అక్కడి మర్యాద. భయాన్ని ఎంతవరకు వినాలో, ఎక్కడ దాటాలో అడవిలో ఒంటరిగా తేల్చుకోవడం కన్నా ఇక్కడ, పదిమంది మధ్య నేర్చుకోవడం మేలు. ఇది ప్రమాదాన్ని రద్దు చేయదు. హెల్మెట్ కూడా అన్ని దెబ్బలనూ ఆపలేదు. కానీ తెలిసి తొక్కడానికీ తెలియక దూకడానికీ మధ్య తేడా ఉంది. పోయినవాళ్ల స్నేహితులు పిల్లలకు ఇవ్వగలిగింది ఆ తేడానే.

మన దగ్గర పెద్దమనిషి పోతే కూడలిలో విగ్రహం లేస్తుంది. వర్ధంతికి దండ పడుతుంది, మిగతా 364 రోజులూ కాకులు కాపలా. హిమాచల్ కొండల్లో 2005 నుంచి మౌంటెన్ బైక్ పందేలు జరుగుతున్నాయి. నగరాల్లో తెల్లవారుజామునే గుంపులుగా రోడ్డెక్కే సైకిల్ క్లబ్బులు పెరిగాయి. తోటివాడు లారీ కింద పడితే వాళ్లూ కొవ్వొత్తులు వెలిగిస్తారు, మౌనంగా ర్యాలీ తీస్తారు. ఆ మలుపు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ మలుపును సరిచేయించేదాకా అధికారులను వదలకపోవడం కూడా నివాళేనని నానైమో గుర్తుచేస్తోంది. అక్కడ పార్కు నిలబెట్టింది అభిమానుల కన్నీళ్లు ఒక్కటే కాదు. పురపాలక సంస్థ ఇచ్చిన చోటు, జనం పోగుచేసిన డబ్బు, వారాంతపు చెమట కలిస్తేనే అది సాధ్యమైంది.

2022 ఆగస్టులో మోంట్-సెయింట్-ఆన్ కొండ మీద ఫిన్ ఐల్స్ అనే కెనడా కుర్రాడు ప్రపంచ కప్ డౌన్‌హిల్ పందెం గెలిచాడు. దారిలో గొలుసు తెగినా, పెడల్ కొట్టే వీల్లేకుండానే వాలునూ మలుపులనూ నమ్ముకుని దిగాడు. 2013లో స్మిత్ గెలిచిన కొండే అది. కెనడా వాళ్ల వల్ల కాదన్న మాట ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

వాంకూవర్ దీవిలో చలికాలమంతా వాన. మట్టి దిబ్బలు కరుగుతాయి, మలుపుల అంచులు కూలుతాయి. మట్టి స్మారకంతో ఉన్న చిక్కు అది. ఒకసారి కట్టి వదిలేస్తే కుదరదు. ఏటా ఎవరో ఒకరు మళ్లీ పార పట్టాల్సిందే.