కోతల నెలలో లెక్క కట్టండి

నాయుడుపేటలో 16, 71 నంబర్ల జాతీయ రహదారులు కలుస్తాయి. పక్కనే మేనకూరు సెజ్. ఇలాంటిచోట పొలాలు ప్లాట్లుగా మారడం వింత కాదు. ఆ ప్లాట్లలో ఇళ్లు లేచాక పెరిగే వాహనాల లెక్క ఎవరు కడుతున్నారన్నదే మా ప్రశ్న.

2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, విస్తీర్ణం రీత్యా 50 హెక్టార్లు, అంటే సుమారు 125 ఎకరాలున్న టౌన్‌షిప్‌కే పర్యావరణ అనుమతి కావాలి. పదేసి ఎకరాల లేఔట్లు ఒకే రోడ్డు మీద పదిహేను వేసినా ఆ లెక్కలోకి రావు. కాగితాల మీద అవి వేర్వేరు. రోడ్డు మీదికి వచ్చే బండ్లు మాత్రం ఒక్కటిగానే వస్తాయి. వాటి మధ్య ఇరుక్కునేది వడ్ల ట్రాక్టరు, వరికోత మిషను.

అందుకే మేము అడిగేది ఇదీ: ఒక రోడ్డు మీది లేఔట్లన్నిటినీ కలిపి ట్రాఫిక్ అంచనా వేయాలి. ఆ లెక్క వరికోతల నెలలోనే కట్టాలి. గ్రామసభలో చదివి వినిపించాకే అనుమతి ఇవ్వాలి. రోడ్డు వెడల్పుకు కావలసిన స్థలం లేఔటు వేసేవారే ముందుగా వదలాలి. రేపు రైతు గట్టు తెంచి రోడ్డు వేస్తామంటే ఒప్పుకోం.