వాచీ చెప్పిన షుగర్



గత ఆదివారం యవనస్థుల కూటములో, ఈ మధ్య చదివిన వార్తల్లో ఏదో ఒకదాని గురించి మాట్లాడమని పిల్లలను అడిగాము. డిగ్రీ చదువుతున్న మన సంఘపు అమ్మాయి ఒకామె లేచి, ఒంటికి పెట్టుకునే పరికరాల గురించి చెప్పింది. కొన్నేళ్ళ క్రితం చంద్రబాబు నాయుడు గారి వేలికి ఉంగరం కనిపిస్తే జనం వింతగా చూశారు. అది తన ఆరోగ్యాన్ని గమనించే పరికరమని ఆయనే చెప్పారు. అలాంటివి ఇప్పుడు మన పర్చూరు కుర్రవాళ్ళ చేతులకు కూడా వచ్చాయని చెప్పి, ఆ అమ్మాయి కాస్త ఆగింది.

"అయ్యగారూ, మా పెదనాన్న వాచీలో షుగర్ 110 చూపిస్తోందని బిళ్ళలు మానేశారు. నేను చెప్తే చిన్నపిల్లవంటున్నారు. మీరు చెప్పండి."

మరునాడు ఉదయమే మేము వెళ్ళాము. బతిమాలి ఏఎన్ఎం గారి దగ్గరకు తీసుకుపోయి వేలు గుచ్చి చూపిస్తే 280 ఉన్నది. ఆయన ముఖం చూస్తే మాకు ఏమీ అనబుద్ధి కాలేదు.

ప్రియులారా, ఈ సంగతి అందరూ తెలుసుకోవాలి. చర్మం గుచ్చకుండా షుగర్ చెప్తామనే వాచీలను గాని ఉంగరాలను గాని నమ్మవద్దని, అలాంటి వాటికి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. చర్మం క్రింద సన్నని తీగ ఉంచి చూసే సెన్సర్ల సంగతి వేరు. వాచీ అడుగున వెలిగే పచ్చని వెలుతురు రక్తం కదలికను బట్టి నాడిని లెక్కిస్తుంది. అంతేగాని రక్తంలోని చక్కెరను చూడలేదు.

అలాగని వాచీలన్నీ మోసమని మేము అనము. అదే సంస్థ 2018లో ఆపిల్ వాచీలోని ఈసీజీకి అనుమతి ఇచ్చింది. దేనికి పనికివస్తుందో దానికి వాడుకుంటే మేలే. రోజుకు పదివేల అడుగులన్న మాట కూడా దేవుని ఆజ్ఞ ఏమీ కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరుకు "పదివేల అడుగులు" అని పేరు పెట్టారు, ఆ లెక్క అక్కడి నుండి లోకమంతా పాకింది. మిరపకోతలో పొద్దున్నుండి సాళ్ళ వెంట వంగి నడిచే మన తల్లులు ఏ వాచీ లేకుండానే ఎంతో నడుస్తున్నారు. వాళ్ళకు కావలసినది అడుగుల లెక్క కాదు, నెలకొకసారి బీపీ, షుగర్ పరీక్ష.

ఆ పెద్దాయన మాతో అన్న మాట మనస్సులో నిలిచిపోయింది. "సూదికి భయపడి కాదయ్యగారూ. కోత రోజుల్లో ఆస్పత్రికి పోతే ఆ పూట కూలి పోతుంది. వాచీ అయితే పని మానుకోనక్కరలేదు గదా!" తప్పు ఆయన అమాయకత్వానిది మాత్రమే కాదు. పరీక్ష ఆయన దగ్గరకు రాలేదు, వాచీ వచ్చింది. ఇంటిలో వాచీ కొనిచ్చిన పిల్లలు గాని, ప్రతి ఆదివారం "బాగున్నారా?" అని అడిగే మేము గాని, బిళ్ళలు వేసుకుంటున్నారా అని ఏనాడూ అడగలేదు.

దావీదు జనులను లెక్కించి, ఆ లెక్కను నమ్ముకొని చిక్కులో పడ్డాడు. అంకె చేతిలో ఉంటే అంతా మన చేతిలో ఉన్నట్టే అనిపిస్తుంది. ఒకరినొకరు కనిపెట్టి చూసుకొనే పని మాత్రం ఏ అంకె మీదా వేసి ఊరుకోలేము.

అందుకని సంఘ పెద్దలతో మాట్లాడాము. ఇకనుండి నెలలో మొదటి ఆదివారం ఆరాధనకు ముందు షుగర్, బీపీ చూసే ఏర్పాటు చేస్తాము. పని రోజు కాదు గనుక ఎవరి కూలీ పోదు. పేర్లు రాసే బాధ్యత ఆ అమ్మాయే తీసుకున్నది. వైద్యుణ్ణి అడగకుండా ఎవరూ బిళ్ళ మానవద్దు. గుండెలో నొప్పి వస్తే వాచీ చూస్తూ కూర్చోక 108కి ఫోను చేయండి.

పెదనాన్నగారు మళ్ళీ బిళ్ళలు వేసుకుంటున్నారు. వాచీ ఇంకా చేతికే ఉన్నది. ఇప్పుడు అందులో టైము చూసుకుంటున్నారట, బిళ్ళ వేసుకోవడానికి.