ఇవాళ ఏం అడిగావమ్మా?

న్యూయార్క్‌లో 2008లో మొదలైన వరల్డ్ సైన్స్ ఫెస్టివల్‌లో ‘పయనీర్స్ ఇన్ సైన్స్’ అని ఒక కార్యక్రమం పెట్టారు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలను నిండు సభలో ప్రశ్నలడిగేది హైస్కూలు పిల్లలే!

నేను బీఎస్సీ చదివే రోజుల్లో జవాబులు కంఠతా పట్టడమే చదువు. ప్రశ్న అడిగితే మనకు తెలియదని అందరికీ తెలిసిపోతుందని భయం. నిజానికి మంచి ప్రశ్న అడగాలంటేనే ఎక్కువ చదవాలి.

1944లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న ఇసిడోర్ రాబీ పెరిగింది కూడా న్యూయార్క్‌లోనే. బడి నుంచి రాగానే వాళ్లమ్మ "ఇవాళ మంచి ప్రశ్న ఏదైనా అడిగావా?" అనేవారట. తను శాస్త్రవేత్త కావడానికి అదే కారణమని ఆయనే చెప్పుకున్నారు.

మన ఇళ్లలో మొదటి మాట "ఎన్ని మార్కులొచ్చాయి?" కదండీ! మా అమ్మాయిని ఇప్పుడు ముందు ప్రశ్న గురించే అడుగుతున్నాను. మార్కుల సంగతి అన్నం తిన్నాకే. మీరూ అడిగి చూడండి.