కారుకి కవచం సరే, కూర్చునేవాళ్ళ సంగతో?

కొత్తగా ఎలక్ట్రిక్ కారు బుక్ చేసిన మన ఐటీ మహానుభావులందరికీ ఒక నమస్కారం. మీతో కాస్త గొడవ పెట్టుకోవాలని ఉంది.

ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర కొన్ని నెలలుగా ఒకటే చర్చ. సెరామిక్ కోటింగా, పీపీఎఫ్ఫా? 7డి మ్యాట్లా, 9డి మ్యాట్లా? (మనకి తెలిసినవి మూడు డైమెన్షన్లే. మిగతా ఆరూ ఎక్కడ దొరికాయో ఆ మ్యాట్లు కుట్టినవాడికే తెలియాలి.) సీటు కవర్లు తేనె రంగా, నలుపా? వారం రోజులు ఎక్సెల్ షీట్లు వేసుకుని మరీ పోలుస్తారు. అదే మనిషిని "మీ పార్కింగులో ఎర్తింగ్ చెక్ చేయించావా?" అని అడగండి. మొహం తెల్లబోతుంది. "పాపకి చైల్డ్ సీటు కొన్నావా?" అనండి. నవ్వుతాడు.

నాకు మండేది ఆ నవ్వు చూసే.

నా వాదన ఒక్క ముక్కలో చెప్తాను. 'ప్రొటెక్షన్' పేరుతో మనం కొంటున్న సామాన్లలో చాలా భాగం పెయింటుని కాపాడేవే. కొన్నయితే మనిషిని కాపాడటానికి కారులో ఉన్న ఏర్పాట్లనే చెడగొట్టేవి. నిజంగా మనుషుల్ని కాపాడేవి మాత్రం షోరూమ్ లిస్టులో ఉండవు. వాటిలో వాళ్ళకి మిగిలేది లేదు మరి.

నాకిచ్చిన లిస్టు ఇదీ. దాని పేరు 'ఎసెన్షియల్ కిట్'. సెరామిక్ కోటింగ్ 24,000, అండర్ బాడీ కోటింగ్ 6,500, సీటు కవర్లు 11,000, మ్యాట్లు 7,500, క్రోమ్ కిట్ 8,000, బంపర్ గార్డు 4,500, డోర్ వైజర్లు వగైరా 3,500, సన్ ఫిల్మ్ 9,000. మొత్తం 74,000 రూపాయలు. "ఇది అందరూ తీసుకుంటారు సార్, తీసుకోకపోతే డెలివరీ కొంచెం లేటవ్వచ్చు" అన్నాడు ఆ కుర్రాడు చాలా మర్యాదగా. పాపం అతనికీ టార్గెట్లుంటాయి, మనకి అప్రైజల్ ఉన్నట్టే. కానీ ఒక వస్తువు అమ్మాలంటే ఇంకోటి కూడా కొనాల్సిందే అని ముడిపెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఒప్పుకోదు. ఫిర్యాదుకి 1915 నంబరు ఉంది. ఆ నంబరు పేరెత్తగానే డెలివరీ లేటయ్యే అవకాశం ఎలాగో మాయమైపోయింది :-)

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

సీటు కవర్లు. ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయని వేరియంట్ పెంచి మరీ కొంటాం. అందులో ముందు సీట్ల సైడ్ ఎయిర్‌బ్యాగులు చాలా కార్లలో సీటు వీపు పక్కనే, కుట్టు వెనకాల ఉంటాయి. గుద్దిన క్షణంలో ఆ కుట్టుని చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద దళసరి రెగ్జిన్ వేసి గట్టిగా బిగించి కుట్టిస్తే అది ఎటునుంచి వస్తుంది? కారుతో వచ్చే మాన్యువల్లో ఈ హెచ్చరిక ఉంటుంది, తీసి చూడండి. డాక్యుమెంటేషన్ చదవకపోవడం మన వృత్తి జబ్బే అనుకోండి, అయినా ఇది చదవాల్సిన పేజీ.

బంపర్ గార్డు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. కారు ముందు భాగం నలిగిపోయేలా చేసిందే ఆ దెబ్బ లోపలివాళ్ళకి తగలకూడదని. దానికి అడ్డంగా ఇనప కడ్డీ బిగిస్తే దెబ్బ నేరుగా ఛాసిస్‌కి పోతుంది. ఎదురుగా వచ్చే స్కూటరు మనిషి సంగతి వేరే చెప్పాలా? పైగా ఇప్పటి కార్లలో ఏడాస్ రాడార్లు బంపరు దగ్గరే ఉంటాయి. లక్ష ఎక్కువ పెట్టి రాడారున్న వేరియంట్ కొని, దాని ముందు కడ్డీ పెట్టడం అంటే కెమెరా కొని లెన్స్ మీద స్టిక్కరు అంటించుకోవడమే.

మ్యాట్లు. నవ్వులాట విషయం అనుకోవద్దు. 2009లో అమెరికాలో ఒక లెక్సస్ కారు యాక్సిలరేటర్ ఫ్లోర్ మ్యాట్‌కి ఇరుక్కుని నలుగురు చనిపోయారు. ఆ తర్వాత టొయోటా సుమారు 38 లక్షల వాహనాలకి మ్యాట్ల విషయంగా రీకాల్ ప్రకటించాల్సి వచ్చింది. ఎలక్ట్రిక్ కారులో టార్క్ తొక్కిన క్షణంలోనే వస్తుంది. అందులో పెడల్ కింద జారే మ్యాట్ ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి. కంపెనీ క్లిప్పులకి తగులుకునే పల్చటి రబ్బరు మ్యాట్ చాలు.

సన్ ఫిల్మ్. ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ముల మీద గట్టిగా చెప్పాక ఏళ్ళ తరబడి అవి పీకించారు. 2021 నుంచి అమల్లోకి వచ్చిన మార్పుతో ప్రమాణాలకి లోబడిన ప్లాస్టిక్ ఫిల్ముకి దారి దొరికింది. అంటే 70, 50 లెక్క రాసిన కాగితం ఉంటేనే వేయించుకోవాలి. "పోలీసులు పట్టుకోరు సార్" అన్నది సర్టిఫికెట్ కాదు.

అండర్ బాడీ కోటింగ్. కారు బాడీని కంపెనీలోనే రంగు తొట్టెలో ముంచి, కరెంటు పంపి తుప్పు పట్టకుండా పూత వేస్తారు. దాని మీద మళ్ళీ తారులాంటిది కొట్టించుకోవడం మీ ఇష్టం. కానీ ఎలక్ట్రిక్ కారు కింద ఉన్నది బ్యాటరీ పెట్టె. దానికి గాలి పీడనం సమం చేసుకునే వెంట్లుంటాయి, నీళ్ళు పోయే రంధ్రాలుంటాయి, కూలింగ్ పైపులుంటాయి. స్ప్రే గన్ పట్టుకున్న కుర్రాడికి అవి ఎక్కడున్నాయో ఎవరు చెప్పారు?

సెరామిక్ కోటింగ్ గురించి నాకు కోపమేమీ లేదు. మెరుస్తుంది, కడగడం తేలిక. కాకపోతే దాని మందం ఏ కొన్ని మైక్రాన్లో. రాయి తగిలితే ఆగదు. పీపీఎఫ్ మందం 150 నుంచి 200 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి అది కాస్త ఆపుతుంది. డబ్బు మీది, మెరుపు మీది. దాన్ని 'సేఫ్టీ' ఖాతాలో రాయకండి, అంతే.

ఇక ఇన్సూరెన్సు. నా కొటేషన్లో 'ఇంజిన్ ప్రొటెక్ట్' అని ఒక యాడాన్ ఉంది. ఇంజినే లేని కారుకి! పేరేదైతేనేం, లోపల ఏముందో చదవాలి. షోరూములోనే పాలసీ తీసుకోవాలన్న రూలు ఎక్కడా లేదు, బయట తీసుకోవచ్చు. ఎక్కడ తీసుకున్నా జీరో డిప్రిసియేషన్, బ్యాటరీ కవర్ ఈ రెండూ వదలొద్దు. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ... కార్లు నీళ్ళలో ఎలా తేలాయో చూశాం కదా. బ్యాటరీకి ఐపీ67 ఉందిగా అంటారు. అది మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట ఉంచి చేసే ల్యాబ్ పరీక్ష. రెండ్రోజులు మురుగులో నానిన కారుకి అది హామీ కాదు. ఎనిమిదేళ్ళ బ్యాటరీ వారంటీ తయారీ లోపాలకే గానీ వరదకి కాదు. కారు మొత్తంలో అన్నిటికంటే ఖరీదైన భాగం అదే. ఖర్చు పెట్టాలంటే ఇక్కడ పెట్టండి.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను.

మొదటిది, ఎర్తింగ్. కారుతో వచ్చే మామూలు ఛార్జరు 3.3 కిలోవాట్లు. 230 వోల్టుల దగ్గర 14 ఆంపియర్ల పైమాటే. గీజరు కూడా అంతే లాగుతుంది కదా అంటారు. గీజరు పావుగంటలో ఆగిపోతుంది. ఇది రాత్రంతా, తొమ్మిది పది గంటలు ఆగకుండా లాగుతుంది. సాకెట్లో వైరు కాస్త వదులై 0.2 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. ఐ స్క్వేర్ ఆర్ గుర్తుంది కదా? 40 వాట్ల వేడి ఆ ఒక్క చోటే పుడుతుంది. మనం ల్యాబుల్లో వాడిన సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దానికంటే ఎక్కువ వేడి వస్తువుని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, రాత్రి పదింటికి ఆన్ చేసి, పైకెళ్ళి పడుకుంటున్నామన్నమాట. దీనికి తోడు కొందరు ఎక్స్‌టెన్షన్ బోర్డులు కూడా!

ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. ఎర్తు సరిగా లేకపోతే ఛార్జరు ఎర్రలైటు వేసి ఆగిపోతుంది. అది దాని మంచితనం. దాన్ని మోసం చెయ్యడానికి ఆన్‌లైన్లో చిన్న ప్లగ్గులు అమ్ముతున్నారు. లోపల న్యూట్రల్‌నే ఎర్తుకి కలిపేసి ఛార్జరుని నమ్మిస్తాయి. "సూపర్ అన్నా, కొన్ని వందల్లో పనైపోయింది" అని మా టీములో ఒకడు గొప్పగా చూపించాడు. ఎర్తు వైరు వెళ్ళేది కారు బాడీకి. మన బిల్డింగుల్లో సాకెట్లకి ఫేజు, న్యూట్రలు తారుమారు చేసి బిగించడం ఎంత మామూలో తెలిసిందే. అలాంటి సాకెట్‌కి ఈ ప్లగ్గు తగిలిస్తే కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు వచ్చే అవకాశం ఉంది. వానలో చెప్పుల్లేకుండా వచ్చి కారు తుడిచే వాచ్‌మన్ ముందు ముట్టుకుంటాడు, మీరు కాదు. ప్రొడక్షన్లో అలర్టు వస్తే అలర్టుని ఆఫ్ చేసేవాడిని మనం ఏమంటామో గుర్తు చేసుకోండి. అక్కడ సర్వరు పోతుంది, ఇక్కడ మనిషి పోతాడు.

చెయ్యాల్సిందేమో చాలా మామూలు పని. మీటరు నుంచి పార్కింగు దాకా విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు (దూరం ఎక్కువైతే 6), మంచి ఇండస్ట్రియల్ సాకెట్, ఎంసీబీ, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (టైప్ ఏసీ కాదు, కనీసం టైప్ ఏ), సరైన ఎర్త్ పిట్. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించి, కొలిపించి చూసుకోవాలి. నాకు ముప్ఫై మీటర్ల దూరానికి 18,000 అయింది. మా అసోసియేషన్‌ని ఒప్పించడానికి అయిన మాటల ఖర్చు వేరే.

రెండోది, చైల్డ్ సీటు. "ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే చాలదా, మేమంతా అలా పెరిగినవాళ్ళం కాదా" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళకి లెక్క చెప్పాల్సింది మనం. పన్నెండు కిలోల పాప, యాభై కిలోమీటర్ల వేగం, గుద్దాక కారు సెకనులో పదో వంతులో ఆగింది. ఆ క్షణంలో పాపని పట్టుకోవడానికి కావల్సిన బలం సుమారు 170 కిలోల బరువుకి సమానం. ఏ అమ్మ చేతుల్లో ఉంది ఆ బలం? ముందు సీట్లో ఒళ్ళో ఉంటే ఇంకా దారుణం, విచ్చుకునే ఎయిర్‌బ్యాగుకీ అమ్మకీ మధ్య నలిగేది పాపే. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షను పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా అంటోంది. ఎవరూ వెయ్యరనుకోండి, అందుకే కదా ఈ ధీమా!

అమెరికాలో ఉన్న మనవాళ్ళని చూడండి. అక్కడ పుట్టిన బిడ్డని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునేదే కారు సీటులో. అదే అన్నయ్య, అదే వదిన సంక్రాంతికి వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు మీద అదే బిడ్డని ఒళ్ళో నిలబెట్టి సన్‌రూఫ్‌లోంచి బయటికి చూపిస్తారు. భౌతిక శాస్త్రం శంషాబాదులో దిగగానే మారిపోతుందా?

"మెరుస్తుంటే రీసేల్ వాల్యూ ఉంటుంది" అని ఒక వాదన వినపడుతూ ఉంటుంది. ఎలక్ట్రిక్ కారు సెకండ్ హ్యాండులో కొనేవాడు ముందు అడిగేది బ్యాటరీ ఎంత ఆరోగ్యంగా ఉందని. డ్యాష్‌క్యామ్ కోసమో హారన్ కోసమో వైర్లు కోసి అతికించి వారంటీ పోగొట్టుకున్న కారుకి మెరుపు ఏం విలువ తెస్తుంది?

నా లెక్క చూడండి. వైరింగు, ఎర్తింగు 18,000. ఐసోఫిక్స్ చైల్డ్ సీటు 14,000. టైర్లకి గాలి కొట్టే చిన్న కంప్రెసరు 3,000. అద్దం పగలగొట్టే, బెల్టు కోసే సుత్తి 400. మొత్తం 35,400. ఆ 'ఎసెన్షియల్ కిట్'లో సగం కూడా లేదు. పైసా ఖర్చు లేని పని ఇంకోటి: కరెంటు పోతే డోరు చేత్తో తెరిచే లివరు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి.

డెలివరీ రోజు దండలు వేసి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి ఫోటోలు దిగుతాం. దిగండి, నేనూ దిగాను. ఆ ఫోటోలో వెనక సీట్లో చైల్డ్ సీటు కూడా కనపడితే దిష్టి ఇంకా బాగా పోతుందని నా నమ్మకం. ఇక తిట్టదలచుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టొచ్చు. కాకపోతే ముందు కిందకెళ్ళి, రాత్రంతా ఛార్జింగులో ఉన్న ఆ ప్లగ్గుని ఒక్కసారి చూసి రండి. నల్లగా మారి ఉంటే ఈ రాత్రికి ఛార్జింగ్ పెట్టకండి.