సొంత మార్కులకు నక్షత్రాలా?

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన తల్లిని ఇక ఆస్పత్రిలో ఉంచలేమంటారు. కేస్ మేనేజర్ కోలుకునేదాకా ఉంచే నర్సింగ్ హోమ్‌ల జాబితా చేతిలో పెట్టి, సాయంత్రంలోగా ఒకటి తేల్చుకోమంటారు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో స్థిరపడిన తెలుగు కొడుకైనా, అక్కడే పుట్టి పెరిగిన అమెరికన్ కూతురైనా అప్పుడు చేసేది ఒకటే: ఫోన్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వారి ‘కేర్ కంపేర్’ వెబ్‌సైటు తెరిచి, హోమ్‌లకు ఇచ్చిన నక్షత్రాలు చూడటం. ఐదు కనబడితే ప్రాణం కుదుటపడుతుంది. ఆ నిశ్చింతకు తగ్గ ఆధారం ఆ నక్షత్రాల వెనుక లేదు.

ఎంచుకున్నది తప్పని తెలిసేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. మెడికేర్ పూర్తిగా భరించేది మొదటి 20 రోజులే. 21వ రోజు నుంచి రోజువారీ వాటా రోగి నెత్తిన పడుతుంది; 2025లో అది రోజుకు 209.50 డాలర్లు.

ఆ ఇంటివాళ్లు తెలుసుకోవాల్సింది ఎంతమంది కోలుకుని ఇంటికి వెళ్లారు, వెళ్లాక మళ్లీ ఆస్పత్రి పాలు కాకుండా ఎంతమంది నిలిచారు అన్నది. ఆ లెక్క మెడికేర్ దగ్గర ఉంది. ఇల్లు చేరిన 31 రోజుల్లో మరణం గానీ, అనుకోకుండా మళ్లీ ఆస్పత్రిలో చేరడం గానీ లేనివారి శాతాన్ని బిల్లుల ఆధారంగానే తేలుస్తోంది. అయితే దాన్ని లోపలి పేజీల్లో, బోలెడన్ని ఇతర అంకెల మధ్య పడేసింది. పైకి కనబడేది మొత్తం రేటింగ్. ఏళ్ల తరబడి అక్కడే ఉండే డిమెన్షియా రోగి సంరక్షణా, మూడు వారాల్లో ఇంటికి పోవాల్సిన మనిషి థెరపీ అందులో కలగాపులగం. 2019 నుంచి స్వల్పకాలిక రోగులకు విడి నాణ్యత రేటింగ్ ఇస్తున్న మాట నిజమే. అందులోనూ కొన్ని మార్కులు హోమ్‌లు తమకు తాము వేసుకున్నవే.

మంచం మీంచి లేవగలరా, యాభై అడుగులు నడుస్తూ రెండు మలుపులు తిరగగలరా, మెట్టెక్కగలరా? చేరినప్పుడు ఈ మార్కులు వేసేది హోమ్ సిబ్బందే, పంపేటప్పుడు వేసేదీ వాళ్లే. మొదట బిగించి, చివర సడలిస్తే చాలు, కాగితం మీద రోగి కోలుకున్నట్టే. పరీక్ష రాసినవాడి చేతికే పేపరిచ్చి దిద్దుకోమన్నట్టుంది.

ఇది ఉత్త అనుమానం కాదు. సొంత నివేదికలతో నక్షత్రాలు పెంచుకునే తీరును న్యూయార్క్ టైమ్స్ 2014లోనే ఎండగట్టింది. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు మెడికేర్ బిల్లులను హోమ్‌ల నివేదికలతో సరిచూసి 2020లో తేల్చింది ఇంకా ఘోరం: రోగులు పడి తీవ్రంగా గాయపడిన ఘటనల్లో హోమ్‌లు చూపించినవి 57.5 శాతమే. స్వల్పకాలిక రోగుల విషయంలో సగం కూడా లేవు.

డబ్బు ఎటుంటే లెక్కలూ అటే. 2019 అక్టోబరు దాకా మెడికేర్ థెరపీ నిమిషాలను బట్టి చెల్లించేది. వారానికి 720 నిమిషాలు చేరితే అత్యధిక రేటు. విచిత్రంగా ఎందరికో సరిగ్గా అన్ని నిమిషాలే అవసరమయ్యాయి! చెల్లింపు పద్ధతి మారగానే నిమిషాలు తగ్గాయి. తుంటి ఎముకలు రాత్రికి రాత్రి గట్టిపడ్డాయని అనుకోవాలా?

ఫలితాలకే పెద్దపీట వేస్తే బాగా జబ్బుపడినవారిని చేర్చుకోరని యాజమాన్యాలు అంటాయి. రోగి పరిస్థితిని బట్టి సర్దుబాటు చేసే పద్ధతి ఇప్పుడూ ఉంది. లోపాలుంటే దాన్ని దిద్దాలి తప్ప ఫలితాలను దాచకూడదు.

సిబ్బంది విషయంలో హోమ్‌ల నోటిమాటను పక్కనపెట్టి, 2018 నుంచి జీతాల రికార్డులనే మెడికేర్ ఆధారం చేసుకుంది. అదే పట్టుదల ఇక్కడా చూపాలి. స్వల్పకాలిక రోగి వెతికినప్పుడు బిల్లుల నుంచి తేలిన ఫలితాలే మొదటి పేజీలో కనబడాలి. నడక మార్కులను బయటివారితో తనిఖీ చేయించి, అబద్ధం తేలితే నక్షత్రాలు కోసేయాలి. అంతవరకు, హోమ్ తనకు తాను వేసుకున్న ప్రతి అంకె పక్కనా ఆ సంగతి పెద్దక్షరాల్లో రాసి తీరాలి.