భద్రత అంటే సీసీ కెమెరాలేనా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కరీంనగర్ మేయర్‌నైనా, ఆదిలాబాద్ మున్సిపల్ చైర్మన్‌నైనా ఎన్నుకునేది మనం గెలిపించిన వార్డు సభ్యులే. పోలీసులు వాళ్ల చేతుల ఉండరు, రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటరు. వాళ్ల చేతుల ఉన్నది వీధి దీపాలు. మన పిల్లల హాస్టల్ తొవ్వల అవి వెలగాలె.

కానీ మన భయం చీకటొక్కటే కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై కాల్పులు జరిపింది పోలీసులే. ఠాణా మీద ఫిర్యాదు మళ్లీ ఠాణాకే ఇయ్యాల్నా? పోలీసులపై ఫిర్యాదులు వినడానికి ప్రతి జిల్లాలో ప్రత్యేక అథారిటీ ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది.

ఓటడగొచ్చినోళ్లను ఒక్కటే అడుగుదాం: "మన జిల్లాలో ఆ అథారిటీ పనిచేయాలని కౌన్సిల్‌ల తీర్మానం పెడతరా?" జవాబు చెప్పనోళ్లకు ఓటెందుకు?

జై సేవా!