గాలి అందరిదీ అంటారు (వాడగాలి – 9)



పోయిన భాగంలో నీళ్ళ గురించి రాసినాను. 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి పట్టి నీళ్ళు తాగిన రోజు గురించి. అది చదివి కడప నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. డిగ్రీ చదివి ఆటో తోలుతున్నాడు. "అన్నా, బావి కాడ కులముంది. గుడి కాడ ఉంది. ఆఖరికి స్మశానం కాడ కూడా ఉంది. గాలికి మాత్రం లేదు కదన్నా? గాలి అందరిదీ కదా?" అన్నాడు.

ఆ పొద్దు సరిగ్గా జవాబు చెప్పలేకపోయినా. ఫోన్ పెట్టేసినాక మా చిన్నమ్మ గుర్తొచ్చింది. ఈ భాగం ఆమె గురించి, ఆ తమ్ముడి గురించి కూడా.

మా చిన్నమ్మ పద్దెనిమిదేళ్ళు రోడ్లు ఊడ్చింది. ఏ ఊరి మున్సిపాలిటీ అని అడగొద్దు, సీమలో ఏ ఊరు చెప్పినా కథ ఇదే. తెల్లారుజామున నాలుగున్నరకు మస్టర్. ఐదుకల్లా చీపురు చేతిలో. మూతికి చీర కొంగు. కొన్నాళ్ళు కాంట్రాక్టర్ గుడ్డ మాస్కులు ఇచ్చినాడు, అవి చినిగినాక మళ్ళీ కొంగే. మూడేళ్ళ కింద దగ్గు మొదలైంది. మాత్రలకు తగ్గలేదు. ఆయాసం వచ్చి మెట్లు ఎక్కలేని కాడికి వచ్చింది. ఆసుపత్రికి తీసుకపోతే డాక్టర్ మొదట అడిగిన మాట: "ఏమ్మా, బీడీ తాగుతావా, చుట్ట తాగుతావా?"

"లేదు సార్, యానాడూ ముట్టలేదు" అనింది చిన్నమ్మ.

ఆయన నమ్మలేదు. మళ్ళీ అడిగినాడు. ఆమె పని ఏమిటని మాత్రం అడగలేదు. చీటీలో పని అని రాసే గడి ఖాళీగానే ఉండిపోయింది. నేను చెప్తే అప్పుడు తలెత్తి చూసినాడు.

మిత్రులారా, ఆ ఖాళీ గడిలోనే ఉంది విషయమంతా.

మన ఊళ్ళ గాలి బాగలేదని మనం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. కేంద్రమే ఒప్పుకుంది. 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టి, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళ జాబితా ఒకటి వేసినారు. మొదటి జాబితాలోనే కర్నూలు ఉంది. తర్వాత కడప చేరింది, అనంతపురం, చిత్తూరు చేరినాయి. రాష్ట్రం మొత్తం మీద 13 ఊళ్ళు. అంటే సీమ పాత నాలుగు జిల్లాల కేంద్రాలు నాలుగూ ఆ జాబితాలో ఉన్నాయి. ఫ్యాక్టరీలు రాలేదు, ఉద్యోగాలు రాలేదు, నీళ్ళు రాలేదు. చెడ్డ గాలి జాబితాలో మాత్రం మనకు పూర్తి వాటా వచ్చింది.

"ఇది ఎండ సీమప్పా, దుమ్ము లేకుండా ఎట్లుంటాది" అనే పెద్దమనుషులు ఉన్నారు. సగం నిజమే. వానలు తక్కువ, నేల పొడి, గాలి లేస్తే మట్టి లేస్తుంది. కానీ దుమ్మూ పొగా ఒకటి కాదు. రోడ్డు మీద లేచే మట్టి రేణువుల్లో ఎక్కువ భాగం మోటువి. వాటిని పీఎం 10 లెక్కలో చూస్తారు. డీజిల్ మండినప్పుడు వచ్చే మసి అంతకంటే చాలా సన్నది, పీఎం 2.5 కంటే కూడా సన్నగా ఉంటుంది. మోటు దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగుతుంది. సన్నది ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, అక్కడి నుంచి రక్తంలోకి దిగుతుంది. డీజిల్ పొగ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లోనే తేల్చి చెప్పింది.

మరి మన డబ్బు ఎక్కడ పోతోంది? సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క కట్టింది. ఈ కార్యక్రమం కింద ఖర్చయిన డబ్బులో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయింది. వాహనాల పొగకు 13 శాతం కూడా పోలేదు. పరిశ్రమల పొగకు ఒక్క శాతం కూడా లేదు. కారణం చిన్నదే. ఊరు బాగుపడిందా లేదా అనేది పీఎం 10 చూసి మార్కులు వేస్తారు. మోటు దుమ్ము తగ్గితే మార్కులు వస్తాయి. సన్న పొగ ఎవరి ఊపిరిలోకి పోయినా మార్కులు తగ్గవు.

అందుకే నీళ్ళు చల్లే ట్యాంకర్లు, ఊడ్చే యంత్రాలు, డివైడర్ల మీద పూలమొక్కలు. నేను వాటికి వ్యతిరేకం కాదు. కానీ ఎండాకాలంలో వాడల్లో బిందెలు వరసలో పెట్టుకొని కూర్చునే సీమలో, రోడ్డు మీద చల్లిన నీళ్ళు గంటకు ఆరిపోతాయి. పొగ అట్లే ఉంటుంది. ఇక ఆ యంత్రాలు పెద్ద రోడ్ల మీదనే తిరుగుతాయి. సందుల్లోకి, పాతబస్తీల్లోకి, మురికికాలువ పక్కకు యంత్రం పోదు. చిన్నమ్మ పోతుంది.

ఆమె పనివేళ చూడండి. చలికాలం తెల్లారుజామున చల్లగాలి నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. రాత్రంతా పోయిన లారీల పొగ పైకి లేవదు, అక్కడే పరుచుకొని ఉంటుంది. కర్నూలు పక్కనే 44వ నంబర్ జాతీయ రహదారి, హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయేది. కర్నూలు నుంచి నంద్యాల, కడప మీదుగా చిత్తూరుకు 40వ నంబరుది. బండలు, సిమెంటు, ఉల్లిగడ్డలు, అన్నీ ఈ రోడ్ల మీదనే. ఆ పొగలో ఆమె వంగి, పొడి చీపురుతో దుమ్ము లేపి, లేపిన దుమ్మును తనే పీలుస్తుంది. ఎనిమిదింటికి స్కూటర్ల మీద వచ్చేవాళ్ళకు శుభ్రమైన రోడ్డు కనిపిస్తుంది.

తర్వాత పొద్దంతా ఆ కూడలి ఎవరిది? కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ చూడండి, కడప ఏడురోడ్ల కూడలి చూడండి. పండ్ల బండి పెట్టుకున్న ముస్లిం తమ్ముడు, పూలమ్మే అక్క, చెప్పులు కుట్టే మామ, ఎండలో నిలబడ్డ హోంగార్డు, బేరం కోసం కాసుకున్న ఆటో డ్రైవర్. పది పన్నెండు గంటలు అక్కడే. కారులో పోయేవాడు అద్దాలు ఎత్తుకొని సిగ్నల్ కాడ రెండు నిమిషాలు ఉంటాడు. ఒకే కూడలి, ఒకే గాలి. పీల్చే గంటలు వేరు. ఆ గంటలను పంచింది కులమే.

మా ఊళ్ళో వాడ తూర్పున ఉంది. చిన్నప్పుడు ఎందుకని మా అవ్వనడిగితే, "పడమటి గాలి ముందు ఊరి మీద తోలి, ఆనెక మన మీదికి రావల్ల. మన మీది గాలి వాళ్ళ మీదికి పోగూడదు" అనింది. వాళ్ళు గాలిని కూడా లెక్క చూసుకొనే వాడను పెట్టినారు. తమ్ముడూ, నీ ప్రశ్నకు మా అవ్వ ఎప్పుడో జవాబు చెప్పింది.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. ఆ తమ్ముడిది పాత డీజిల్ ఆటో. దాని పొగ మా చిన్నమ్మలాంటి వాళ్ళ ఊపిరిలోకే పోతుంది. దాచితే దాగదు. నేను ఆ మాట అంటే "కొత్తది కొనే స్తోమత ఉంటే ఇది తోలుతానా అన్నా" అన్నాడు. నిజమే. రేపు అధికారులు కాలుష్యం పేరుతో మొదట పట్టుకునేది ఈ ఆటోనే. ఖాళీ చేయించేది పండ్ల బండినే. గాలి బాగు చేస్తామంటూ గాలి పీల్చి రోగాలు తెచ్చుకున్నవాళ్ళనే రోడ్డు మీద నుంచి తోసేస్తారు. పొగ పెట్టిన లారీ యజమాని పేరు ఎవరికీ తెలియదు.

కాబట్టి జరిమానా కాదు, బండి మార్చాలి. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించినారు. ఆ నిధులతో దళిత డ్రైవర్ల పాత డీజిల్ ఆటోలు తీసుకొని కరెంటు ఆటోలు ఇయ్యొచ్చు. రోడ్లకూ డివైడర్లకూ మళ్ళించడానికి కాదు ఆ డబ్బు. రెండోది, బస్సులు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. మంచిదే. కానీ ఎక్కడానికి బస్సు రావాలి కదా. వాడల నుంచి, కాలనీల నుంచి పొద్దున సాయంత్రం బస్సు ఉంటే, అప్పు చేసి మోటారు సైకిల్ కొనే అవసరం సగం ఇళ్ళకు ఉండదు.

మూడోది, కొలిచే చోటు. గాలి కొలిచే యంత్రాన్ని మంచి గాలి ఉన్న ఆఫీసు మేడ మీద పెడితే మంచి అంకెలే వస్తాయి. కూడలిలో, మనిషి ముక్కు ఎత్తులో, ఆమె ఊడ్చే వేళలో కొలవండి. నాలుగోది, ఊడ్చేవాళ్ళకు గుడ్డ ముక్క కాదు, ఎన్95 మాస్కు, చీపురు కంటే ముందు తడి, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష. 2023 డిసెంబర్ చివర, 2024 జనవరిలో రాష్ట్రమంతా పారిశుధ్య కార్మికులు సమ్మె చేసినప్పుడు జీతం, పర్మినెంట్ మాట్లాడినాం. ఈసారి డిమాండ్ల కాగితంలో ఊపిరి కూడా రాయండి.

అయిదోది, కమిటీ. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది బండ్లు పెట్టుకునేవాళ్ళే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు. ఊరి గాలి గురించి కూర్చునే ప్రతి కమిటీలో కూడా అట్లాగే ఊడ్చే ఆమెకు, ఆటో తోలేవాడికి కుర్చీ వెయ్యాలి. 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు మంచి గాలి, మంచి నీళ్ళు బతికే హక్కులో భాగమని చెప్పింది. 21వ అధికరణం మన బాబాసాహెబ్ డ్రాఫ్టింగ్ కమిటీ చేతి మీదుగా వచ్చిందే. దాన్ని అడగడానికి మనకెవరి అనుమతీ అక్కర్లేదు.

చిన్నమ్మ ఇప్పుడు పనికి పోవడం లేదు. ఆమె చీపురు ఆమె కోడలు పట్టింది. ఆ పిల్లకు ఇరవై ఆరేళ్ళు. నాకు భయం ఆ పిల్ల గురించే.

మీ వీధి ఊడ్చే ఆమెను రేపు పొద్దున ఒక మాట అడగండి. రాత్రుళ్ళు దగ్గొస్తోందా అని. పేరు వద్దు, ఊరు వద్దు, ఎన్నేళ్ళ నుంచి ఊడుస్తోంది, దగ్గు ఎన్నేళ్ళ నుంచి అనేది నాకు రాసి పంపండి. డాక్టర్ ఖాళీగా వదిలిన ఆ గడి మనమే నింపి, కర్నూలు, కడప కలెక్టర్ల ముందు పెడదాం.

వచ్చే భాగం స్మశానాల గురించి.

జై భీమ్.